సైకిల్, సోడా, రాకెట్: ఎనిమిదో తరగతికి బలం, పీడనం ఎలా చెప్పాలి

చంద్రయాన్-3 లేచిన మర్నాడు క్లాసులో అడిగాను, రాకెట్ పైకి ఎట్లా పోయింది అని. అందరూ ముందురోజు మిద్దెలెక్కి దక్షిణం వైపు చూసి వచ్చినవాళ్ళే.

"నేలని తన్ని పోయింది సార్."

"సరే, నేల దాటాక?"

"గాలిని తంతది."

"గాలి లేని చోట?"

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరి బెంచీ నుంచి ఒకడు, "ఊపు మీద పోతది సార్" అన్నాడు. నవ్వారు గానీ, అందరికంటే వాడే దగ్గరికి వచ్చాడు.

శ్రీహరికోట 2022 జిల్లాల విభజనలో తిరుపతి జిల్లాకి పోయింది. అయినా నెల్లూరు పిల్లలకి అక్కడి రాకెట్ ప్రయోగ కేంద్రం ఇప్పటికీ మన షారే. గీత గీస్తే నెల్లూరుకి దాదాపు 80 కిలోమీటర్లు. మబ్బు లేని రోజు మిద్దె మీది నుంచి కనబడుతుంది. ఇంత దగ్గర్లో రాకెట్లు లేస్తుంటే బలం, పీడనం పాఠాన్ని గుండుసూది, కత్తి ఉదాహరణలతో ముగించడం నాకు మనసొప్పదు. అవి పుస్తకంలో ఎలాగూ ఉన్నాయి. నేను ఈ పాఠం చెప్పే పద్ధతి వేరు. మీరూ ఒకసారి చేసి చూడండి. ఆరు పీరియడ్లు పడుతుంది, ఖర్చు రెండు మూడు వందలు దాటదు.

మొదట బోర్డు మీద రాయాల్సింది

బోర్డుకి ఒక మూల ఈ రెండు ప్రశ్నలు రాసి, పాఠం అయ్యేదాకా చెరపకండి:

ఎవరు ఎవర్ని తోస్తున్నారు?
ఎంత చోటు మీద?

మొదటిది బలం. రెండోది కలిస్తే పీడనం. నిర్వచనం తర్వాత చెప్పుకోవచ్చు. పిల్లలు ఏ ఉదాహరణ తెచ్చినా, ఏ తప్పు జవాబు చెప్పినా, మీరు ఆ మూలకి చెయ్యి చూపిస్తే చాలు. నేలని తన్ని పోయింది అన్నవాడికి కూడా అదే.

పీడనం అనే మాట పిల్లలకి కొత్త కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా టీవీలో అల్పపీడనం, వాయుగుండం అని రోజూ వింటారు. బడికి సెలవిస్తారా లేదా అన్నదే వాళ్ళ టెన్షన్ గానీ, ఆ మాటలో పీడనం ఉందని గమనించరు. అక్కడ మొదలుపెట్టండి. మన నెత్తి మీద ఉన్న గాలి, ప్రతి చదరపు సెంటీమీటరు మీద దాదాపు 10 న్యూటన్ల బలంతో నొక్కుతోంది. అంటే బొటనవేలి గోరంత చోటు మీద కిలో బెల్లం పెట్టినట్టు. సముద్రం మీద ఒకచోట ఆ నొక్కుడు చుట్టుపక్కల కంటే కాస్త తగ్గితే, చుట్టూ ఉన్న గాలి అక్కడికి తోసుకొస్తుంది. అదే అల్పపీడనం. "మరి కిలో బరువుంటే మనం నలిగిపోమా సార్?" అని ఎవరో ఒకరు అడుగుతారు. లోపలి నుంచి కూడా అంతే తోపు ఉందని చెప్పి ముందుకు పోండి. ఆ సంగతి సోడా దగ్గర మళ్ళీ వస్తుంది.

ఇంకో మాట. పాస్కల్ ప్రమాణాన్ని మొదటి రోజే దించకండి. వాతావరణ పీడనం లక్ష పాస్కళ్ళు అంటే పిల్లాడి బుర్రలో ఏ బొమ్మా రాదు. చదరపు సెంటీమీటరుకి ఇన్ని న్యూటన్లు అంటే వేలితో చూపించొచ్చు. చివర్లో, ఒక న్యూటన్/చ.సెం.మీ. అంటే 10,000 పాస్కళ్ళు అని ఒక్క లైనులో మార్చేయండి.

వరస కూడా ముఖ్యం. సైకిల్ ముందు, సోడా తర్వాత, రాకెట్ ఆఖరున. రాకెట్ ఎగరేసిన క్లాసుని ఆ వారంలో మళ్ళీ బెంచీల మీద కూర్చోబెట్టడం మీ వల్ల కాదు, నా వల్ల కాలేదు.

సైకిల్: గేజీ లేకుండా టైర్లో గాలి కొలవడం

రెండు పీరియడ్లు దీనికే పెట్టండి. ఈ పాఠంలో అసలు సరుకు ఇక్కడే ఉంది.

కావలసినవి: గాలి బాగా కొట్టిన ఒక సైకిల్, రెండు కార్బన్ పేపర్లు, నాలుగు గ్రాఫ్ షీట్లు, బరువు చూసే మిషన్. మిషన్ బళ్ళో లేకపోతే దగ్గర్లోని కిరాణా కొట్టు కాటా అయినా సరే.

1. సైకిల్ ఎక్కబోయే పిల్లవాడి బరువు, సైకిల్ బరువు చూడండి. పిల్లవాడు సైకిల్ ఎత్తి పట్టుకుని మిషన్ ఎక్కితే రెండూ కలిసి ఒకేసారి వస్తాయి. మా దగ్గర పిల్లవాడు 42 కిలోలు, సైకిల్ 18. మొత్తం 60 కిలోలు, అంటే సుమారు 600 న్యూటన్లు. కిలోకి 9.8 అని పట్టుబట్టకండి, ఇక్కడ 10 చాలు.

2. వరండాలో గచ్చు నున్నగా ఉన్నచోట ముందు చక్రం కింద ఒకటి, వెనక చక్రం కింద ఒకటి గ్రాఫ్ షీట్లు పరచండి. వాటి మీద కార్బన్ పేపర్, మసి వైపు కిందికి.

3. ఇద్దరు సైకిల్‌ని పైకెత్తి, నిటారుగా పేపర్ల మీదికి దించాలి. దొర్లించకూడదు. దొర్లిస్తే మచ్చ పొడుగు చారలా సాగిపోయి లెక్క చెడుతుంది. దించాక పిల్లవాడు సీటు మీద కూర్చుని కాళ్ళు పెడల్స్ మీద పెట్టాలి. చెరోపక్క ఇద్దరు సీటు దగ్గర ఒరగకుండా ఆపాలి, అంతేగానీ పైకి ఎత్తి పట్టకూడదు. పది లెక్కపెట్టి దింపేయండి.

4. కార్బన్ తీస్తే కింద కోడిగుడ్డు ఆకారంలో మచ్చ ఉంటుంది. టైరు గాడుల వల్ల మచ్చ మధ్యలో తెల్ల గీతలు వస్తాయి. పట్టించుకోకుండా చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, లోపలి గళ్ళు లెక్కపెట్టమనండి.

మొదటిసారి ఆ మచ్చ చూసినప్పుడు పిల్లలు నమ్మలేదు. ఇంత మనిషినీ, ఇంత సైకిల్‌నీ మోసేది ఈ కాస్త చోటా అని. మాకు ముందు చక్రం కింద 9, వెనక చక్రం కింద 15 చదరపు సెంటీమీటర్లు వచ్చింది. రెండూ కలిపితే 24. రెండు అగ్గిపెట్టెల కంటే ఎక్కువ చోటేమీ కాదు.

ఇప్పుడు భాగహారం. 600ని 24తో భాగిస్తే 25. టైరు నేలని చదరపు సెంటీమీటరుకి 25 న్యూటన్ల చొప్పున నొక్కుతోంది. ఆ నొక్కేది రబ్బరు కాదు, లోపలి గాలి. కాబట్టి టైర్లో గాలి పీడనం కూడా బయటి గాలి కంటే ఇంచుమించు అంతే ఎక్కువ. గేజీ మీది పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) లెక్కలో చెబితే 36 దగ్గర. టైరు గోడల బిగువు కూడా కొంత బరువు మోస్తుంది కాబట్టి సరిగ్గా కుదరదు. అయినా గేజీ ఉన్న పంపుతో సరిచూస్తే పిల్లల లెక్క దగ్గరికే వస్తుంది. ఆ నిమిషంలో వాళ్ళ మొహాలు చూడాలి.

తర్వాత టైర్లలో సగం గాలి తీసేసి మళ్ళీ చేయించండి. మచ్చ పెద్దదవుతుంది. మాకు 40 వచ్చింది. 600 బై 40, అంటే 15. బరువు మారలేదు, పీడనం తగ్గింది. బలం వేరు, పీడనం వేరు అనే మాట అప్పటిదాకా ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనివాడికి కూడా ఇక్కడ ఎక్కుతుంది.

సగం గాలితో తొక్కడం ఎందుకు కష్టమో కూడా ఇక్కడే చెప్పేయొచ్చు. చక్రం తిరిగేకొద్దీ ఆ పెద్ద మచ్చ దగ్గర రబ్బరు నలిగి మళ్ళీ సాగుతుంటుంది. మీ కాళ్ళ సత్తువలో కొంత రబ్బరు నలపడానికే పోతుంది.

ఇక మైపాడు బీచ్ ప్రశ్న. ఒంగోలు వైపు బడి అయితే కొత్తపట్నం అనండి. ఇసుకలో నడుస్తాం గానీ సైకిల్ తొక్కలేం, ఎందుకు? చెప్పు విప్పి పాదాన్ని గ్రాఫ్ షీటు మీద పెట్టి గీత గీయమనండి. అదే 42 కిలోల పిల్లవాడి పాదం 130 చదరపు సెంటీమీటర్లు వచ్చిందనుకోండి. ఒంటికాలి మీద నిలబడ్డా 420 బై 130, చదరపు సెంటీమీటరుకి మూడు న్యూటన్ల పైచిలుకు. సైకిల్ టైరు దానికి ఎనిమిది రెట్లు నొక్కుతోంది. అందుకే దిగబడుతుంది.

ఈ లెక్క అయ్యాక మా క్లాసులో ఒక అమ్మాయి లేచి, "దమ్ము చేసేటప్పుడు ట్రాక్టర్‌కి ఇనప చక్రాలు కడతారు, అందుకేనా సార్?" అంది. కేజ్ వీల్స్, అంటే పంజరంలా ఉండే వెడల్పాటి చక్రాల సంగతి. నేను చెప్పాలనుకున్న ఉదాహరణ అది, తనే చెప్పేసింది. వరి పండే ఊళ్ళో మీకూ ఇలా చెప్పేవాళ్ళు దొరుకుతారు. కాసేపు ఆగండి, మీరే ముందు చెప్పేయకండి.

ఎదురుగాలిలో పెన్నా బ్రిడ్జి మీద తొక్కడం, బ్రేకు వేస్తే రబ్బరు రిమ్ముని పట్టుకోవడం, ఇవన్నీ ఘర్షణ పాఠంలోకి పోతాయి. ఒక్క విషయం మాత్రం ఇక్కడే తేల్చండి. ఒకే వేగంతో పోతున్న సైకిల్ మీద ముందుకి తోసే బలం, వెనక్కి లాగే బలం సమానంగా ఉంటాయి. తొక్కే బలం ఎక్కువగా ఉంటేనే సైకిల్ పోతుందని దాదాపు అందరూ రాస్తారు. ఎక్కువగా ఉంటే వేగం పెరుగుతూ పోతుంది, అంతే తేడా.

అగ్నిపర్వతం: వెనిగర్ పక్కన పెట్టండి

సైన్స్ ఫెయిర్ అనగానే మట్టితో కొండ చేసి, లోపల వంటసోడా వేసి, వెనిగర్‌లో ఎర్రరంగు కలిపి పోస్తారు. నేనూ మూడేళ్ళు చేయించాను. చూడ్డానికి బాగుంటుంది గానీ దాంతో పీడనం గురించి తెలిసేది చాలా తక్కువ. అది రసాయన చర్య. ఒక ఆమ్లమూ, వంటసోడా కలిసి గ్యాస్ పుట్టడం. అగ్నిపర్వతంలో జరిగేది అది కాదు. పైగా మన భాషలో పేరే తప్పుదారి పట్టిస్తుంది. అగ్నిపర్వతం అంటే పిల్లలు కొండ లోపల మంట మండుతోందనుకుంటారు. అక్కడ మండేదేమీ లేదు. కరిగిన రాయి ఉంది, ఆ రాయిలో కరిగి ఉన్న నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ లాంటి వాయువులు ఉన్నాయి.

దానికి సరైన నమూనా గోళీ సోడా. 1872లో హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషాయన పేటెంటు చేసిన సీసా అది. దొరికితే ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టి అడగండి: గోళీని పైకి పట్టి ఉంచింది ఎవరు? లోపలి గ్యాస్. బొటనవేలితో నొక్కేటప్పుడు ఎవరు ఎవర్ని తోస్తున్నారు? గాజు సీసా కాబట్టి కొట్టేది మీరే, పిల్లల చేతికివ్వకండి.

ప్రయోగానికి మాత్రం ప్లాస్టిక్ సీసాల్లో దొరికే సోడా రెండు తెప్పించండి. ఒకటి ఫ్రిజ్‌లో పెట్టింది, ఇంకోటి మామూలుగా బయట ఉంచింది. ముందు మూతలు తీయకుండా సీసాలు పట్టుకుని నొక్కి చూడమనండి. రాయిలా గట్టిగా ఉంటాయి. లోపల బుడగలు కనబడవు. గ్యాస్ చాలావరకు నీళ్ళలో కరిగి ఉంది. ఇప్పుడు మూత పావు వంతు తిప్పండి. ఉస్స్‌మని చప్పుడు, సీసా మెత్తబడుతుంది, అదే క్షణంలో నీళ్ళ మధ్యలో ఎక్కడెక్కడో బుడగలు పుడతాయి. మూత మళ్ళీ బిగిస్తే బుడగలు తగ్గిపోతాయి. ఇలా నాలుగైదుసార్లు తిప్పి చూపించండి. బుడగని పుట్టించింది వేడి కాదు, కలిపిన మందూ కాదు. పైన నొక్కుడు తగ్గింది, అంతే.

ఆ తర్వాత బయటికి పోయి, రెండో సీసాని గట్టిగా ఊపి మూత తీయండి. చల్లటి సీసాకీ, వెచ్చటి సీసాకీ తేడా వాళ్ళే చెబుతారు. చొక్కాలు తడుస్తాయి, మధ్యాహ్నం ఆఖరి పీరియడ్‌లో పెట్టుకుంటే మంచిది.

సోడాలో మూత చేసే పని, భూమిలో పైనున్న రాయి చేస్తుంది. ఎంత నొక్కుతుందో పిల్లల చేతే లెక్క కట్టించండి. ఒక చదరపు సెంటీమీటరు అడుగుతో, కిలోమీటరు పొడుగున్న రాతి స్తంభం ఊహించుకోమనండి. రాయి ఘన సెంటీమీటరుకి 2.7 గ్రాములు. లక్ష సెంటీమీటర్లకి 270 కిలోలు. గోరంత చోటు మీద 270 కిలోలు. అంత నొక్కుడులో గ్యాస్ కిక్కురుమనకుండా కరిగి ఉంటుంది. కరిగిన రాయి పైకి వచ్చేకొద్దీ మీదున్న బరువు తగ్గుతుంది, బుడగలు పుడతాయి, అవి ఉబ్బి చోటు కోసం తోస్తాయి.

అన్ని కొండలూ ఒకేలా పేలవెందుకు? దీనికి జవాబు వంటింట్లో ఉంది. సంగటి కుతకుత ఉడికేటప్పుడు బుడగ పైకి వచ్చి టప్‌మని పగిలి చేతి మీద చిట్లుతుంది. మరిగే నీళ్ళు అలా చిట్లవు. చిక్కటి పదార్థంలో బుడగ తేలిగ్గా తప్పించుకోలేదు, లోపలే పీడనం పెంచుకుని ఒక్కసారి బద్దలవుతుంది. క్లాసులో రెండు గ్లాసులు చాలు, ఒకదాంట్లో నీళ్ళు, ఇంకోదాంట్లో చిక్కటి రాగి జావ. స్ట్రా పెట్టి ఊదమనండి. హవాయి దీవుల్లో లావా పల్చన, కాబట్టి ఎక్కువగా ఏరులా పారుతుంది. ఫిలిప్పీన్స్‌లో పినటూబో కొండది చిక్కటి సరుకు, గ్యాస్ ఎక్కువ. 1991 జూన్‌లో అది పేలి కొండ శిఖరమే లేకుండా పోయింది.

"మన దగ్గర ఎందుకు లేవు సార్" అంటారు. భారతదేశంలో ఇప్పటికీ రగులుతున్నది అండమాన్‌లోని బారెన్ దీవి ఒక్కటే. భూమి పైపొర పెద్ద పెద్ద పలకలుగా ఉంటుంది, మనది ఆ పలకల అంచున లేని నేల. కానీ ప్రకాశం జిల్లా వాళ్ళకి ఇంతకంటే మంచి వస్తువు ఉంది. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ముక్క ఒకటి సంపాదించండి. పాలిష్ యూనిట్ల దగ్గర తుక్కులో పడి ఉంటుంది. నల్లటి రాయిలో బంగారు చుక్కలు. వ్యాపారంలో గ్రానైట్ అంటారు గానీ, అది గాబ్రో జాతి రాయి. కరిగిన రాయి పైకి రాలేక లోపలే నిదానంగా చల్లారితే అయ్యింది. నిదానంగా చల్లారింది కాబట్టే అందులో స్ఫటికాలు కంటికి కనబడేంత పెరిగాయి. ఆ ముక్కని క్లాసంతా చేతులు మారనివ్వండి. పేలకుండా ఆగిపోయిన కొండ వాళ్ళ చేతిలో ఉన్నట్టే.

రాకెట్: మైదానంలో

ముందు క్లాసులో ఒక బెలూన్ ఊది వదలండి. బోర్డు మూల ప్రశ్నకి జవాబు రాబట్టండి. మూతి కట్టిన బెలూన్‌లో గాలి అన్ని వైపులా సమానంగా తోస్తోంది, అందుకే కదలదు. మూతి వదిలితే వెనక వైపు తోయడానికి గోడ లేదు. ముందు గోడ మీది తోపు మాత్రం అలాగే ఉంది. గాలి వెనక్కి పోతుంది, బెలూన్ ముందుకి పోతుంది. ఇందులో నేల ఎక్కడా రాలేదు, బయటి గాలీ రాలేదు. సముద్రం ఒడ్డున ఊరైతే పడవ సంగతి చెప్పండి. పడవలోంచి గట్టుకి దూకితే పడవ వెనక్కి పోతుందని అక్కడ పుట్టిన పిల్లలకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక నీటి రాకెట్. కూల్ డ్రింక్ వచ్చే లీటరు ప్లాస్టిక్ సీసా తీసుకోండి. మంచినీళ్ళ సీసా పల్చన, వద్దు. గీతలు పడ్డదీ, నొక్కుకుపోయిందీ వద్దు. గాజుది అసలే వద్దు. మూతికి బిగుతుగా పట్టే, ఒక రంధ్రం ఉన్న రబ్బరు బిరడా కెమిస్ట్రీ సామాన్లలో ఉంటుంది. ఆ రంధ్రంలో ఫుట్‌బాల్‌కి గాలి కొట్టే సూది దూర్చండి, కారకూడదు. పంపుకీ సూదికీ మధ్య మూడు నాలుగు మీటర్ల పైపు ఉండాలి. పంక్చర్ షాపులో అడిగితే క్లిప్పులతో సహా బిగించిస్తారు. పాత ప్లాస్టిక్ ఫైలు కత్తిరించి మూడు రెక్కలు అతికిస్తే సీసా మూతి కిందికి పెట్టి వాటి మీదే నిలబడుతుంది.

మూడో వంతు నీళ్ళు పోసి, బిరడా బిగించి, నిలబెట్టి, పంపు కొట్టండి. మీరు తప్ప అందరూ పదిహేను మీటర్ల దూరంలో ఉండాలి. ఇరవై సార్లు కొట్టినా బిరడా ఊడకపోతే ఆపేయండి, పైపు పంపు దగ్గర విప్పి గాలి వదిలేసి, బిరడా కాస్త వదులు చేసి మళ్ళీ మొదలుపెట్టండి. ఊడలేదేంటా అని సీసా మీదికి వంగి చూడడం మాత్రం ఎవరూ చేయకూడదు, మీతో సహా.

ఉదయంపూటే పెట్టుకోండి. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగితే సీసా ఎటు పోతుందో చెప్పలేం. మొదటి ఏడాది నేను రెండు గంటలకి ఎగరేశాను. అది పోయి మధ్యాహ్న భోజనం వండే రేకుల షెడ్డు మీద పడింది. వంటావిడ గరిటెతో బయటికొచ్చి అన్న మాటలు పాఠంలోకి రావు.

ఎగిరాక లెక్క. సీసా మూతి లోపలి వైశాల్యం 3.7 చదరపు సెంటీమీటర్ల దాకా ఉంటుంది. బిరడా ఊడేటప్పటికి లోపల పీడనం బయట కంటే 20 న్యూటన్లు/చ.సెం.మీ. ఎక్కువ ఉందనుకుంటే, బిరడా మీద తోపు 74 న్యూటన్లు. ఏడు కిలోల పైన. సీసా, నీళ్ళు కలిపితే అర కిలో కూడా లేదు. అందుకే కంటికి ఆనకుండా లేస్తుంది.

అప్పుడు ఫోన్లో చంద్రయాన్-3 వీడియో పెట్టండి. దాన్ని మోసుకెళ్ళిన రాకెట్ 640 టన్నుల ఎల్‌వీఎం3, నిలువెత్తు 43.5 మీటర్లు. మన సీసాతో పోలిస్తే ఎంత నింపాదిగా లేస్తుందో చూడమనండి. కారణం వాళ్ళే చెప్పగలరు. లేచేటప్పుడు మండేది పక్కనున్న రెండు బూస్టర్లే. వాటి తోపు రాకెట్ బరువు కంటే ఎక్కువే గానీ రెండింతలు కూడా ఉండదు. బరువు పోగా మిగిలిన బలమే పైకి తీసుకుపోయేది. ఇంధనం మండేకొద్దీ బరువు తగ్గుతుంది, వేగం అందుకుంటుంది.

తర్వాత పిల్లల్ని గుంపులుగా విడగొట్టి, ఒక్కో గుంపుకి ఒక్కో నీటి మట్టం ఇవ్వండి: ఖాళీ, పావు, మూడో వంతు, సగం, ముప్పావు. ఒక్కోటి మూడుసార్లు. ఎత్తు కొలవడం కష్టం కాబట్టి, ఎగిరినప్పటి నుంచి పడేదాకా సెకన్లు చూస్తే చాలు. ఖాళీ సీసా బద్ధకంగా లేచి పడిపోతుంది. గాలి తేలిక కదా, తోయడానికి బరువేదీ లేదు. ముప్పావు నింపితే తోసే గాలికి చోటు లేదు. మధ్యలో ఎక్కడ బాగా పోతుందో నోటు పుస్తకంలో వాళ్ళే రాసుకుంటారు.

షార్‌లో పబ్లిక్ కోసం గ్యాలరీ ఉంది. ప్రయోగం తేదీ ప్రకటించాక ఆన్‌లైన్‌లో పేర్లు ఇవ్వొచ్చు. సీట్లు త్వరగా అయిపోతాయి. దొరక్కపోతే మిద్దె ఉండనే ఉంది.

పంపు మాత్రం ఆ సాయంత్రమే స్టాఫ్ రూం బీరువాలో పెట్టి తాళం వేయండి. నేను వేయలేదు. మర్నాడు ప్రేయర్ టైముకి బడి మిద్దె మీద నాలుగు సీసాలు ఉన్నాయి.